ట్యాంకు గోడ మీద ఆ ఒక్క అంకె రాయించండి

సంపాదకుల గారికి నమస్కారం.

ఈ మధ్య మీ పత్రిక లోపలి పేజీలో ఒక చిన్న వార్త చదివాను, నీళ్లలో ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ పాడుచేసే ఫ్లోరైడ్‌ను పట్టేసే కొత్త పొడి ఒకటి ఏదో ల్యాబ్‌లో తయారైందని. సంతోషమే అనిపించింది, నిజంగానే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఇలాంటి వార్త నా జీవితంలో ఇది మొదటిది కాదు, ప్రతిసారీ ల్యాబ్‌లో గెలిచింది మా ఊరికి వచ్చేసరికి ఏమైందో కళ్లారా చూసినవాణ్ని. అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే మధ్యలో కత్తిరించుకోండి, చివర్లో నేనడిగిన పని మాత్రం తీసేయకండి.

నాది నల్లగొండ జిల్లా, మునుగోడు వైపు ఒక ఊరు. జిల్లా పరిషత్ బడుల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. నా ముందుపళ్ల మీద గోధుమరంగు గార ఉంది, అది చిన్నప్పటి నుంచీ ఉన్నదే, తోమితే పోయేది కాదు. మా పెద్దక్క సంగతి అంతకంటే కష్టం. యాభై రాకముందే మెడ తిప్పడం ఆగిపోయింది, వెనక నుంచి ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూడాల్సిందే, తల ఒక్కటే తిరిగేది కాదు. కింద కూర్చుంటే లేవలేకపోయేది. ఆమె పెళ్లయి వెళ్లిన ఊళ్లో బోరింగు నీళ్లు ఎంత బాగుంటాయో మాకు గొప్పగా చెప్పేది, "మీ నీళ్ల లెక్క ఉప్పగుండవురా తమ్మీ, తియ్యగుంటయి" అని. ఆ తియ్యటి నీళ్లే ఆమె ఎముకల్ని బిగించేశాయని నాకు తర్వాత ఎప్పటికో అర్థమైంది. సైన్సు చదివి, సైన్సు చెప్పే నాకే అంత ఆలస్యంగా అర్థమైందంటే మిగతావాళ్లను ఏమనగలం.

ఆ తీపి విషయం ముందు చెప్పాలి, చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. మా కింద ఉన్నది గ్రానైటు రాయి, దానిలోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది, నీళ్లు ఏళ్ల తరబడి ఆ రాతి పగుళ్లలో నిలిచి కొంచెం కొంచెంగా దాన్ని కరిగించుకుంటాయి. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకుని కాల్షియం ఫ్లోరైడ్‌గా కింద దిగిపోతుంది, అది అంతగా కరగదు కాబట్టి. కానీ మా నేలల్లో కాల్షియం ముందే సున్నపు గడ్డలుగా మట్టిలో పేరుకుపోతుంది, మా దున్నే రైతులందరికీ ఆ తెల్ల గడ్డలు తెలుసు. అప్పుడు నీళ్లలో మిగిలేది సోడియం, బైకార్బొనేటు, వాటితో పాటు ఆపేవాడు లేని ఫ్లోరైడ్. నల్లగొండ గ్రానైటు నీళ్ల మీద హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2010లో ప్రచురించిన పనిలో కూడా ఈ సున్నపు గడ్డల పాత్ర గురించి ఉంది. అంటే సబ్బు బాగా నురగొచ్చే, పప్పు తొందరగా ఉడికే మెత్తటి నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండొచ్చు, ఉప్పగా గట్టిగా ఉన్న నీళ్లలో తక్కువ ఉండొచ్చు. నాలుక చెప్పే లెక్క ఇక్కడ పనికిరాదు. కాచి తాగితే పోతుందనుకునేవాళ్లకు ఇంకో మాట, కాస్తే నీళ్లు ఆవిరవుతాయి కానీ ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది, అంటే ఇంకా చిక్కబడుతుంది.

ఫ్లోరోసిస్ అనే ఈ రోగం కొత్తగా బయటపడ్డదీ కాదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే ఇప్పటి ప్రకాశం వైపు ఊళ్లలో, షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు కలిసి దీన్ని నమోదు చేశారు. మా నల్లగొండ గురించి సిద్దిఖీ అనే డాక్టరు రాసిన పేపరు 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1973లో జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు, మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా లోపలికి వంగిపోయిన పిల్లల గురించి లాన్సెట్‌లో రాశారు. నేను బడిలో ఉన్న రోజుల్లో అలాంటి కాళ్లతో ఇద్దరు నా క్లాసులోనే ఉన్నారు, పందేల్లో వాళ్లను ఎవరూ పిలిచేవాళ్లు కాదు. లండన్ పత్రికల్లో మా కాళ్ల గురించి రాసినంత తొందరగా మా ఊరికి మంచినీళ్లు రాలేదు.

ఇక ల్యాబ్ విషయం. నాగపూర్‌లో నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ఉంది. అక్కడి రసాయన శాస్త్రవేత్తలు 1970ల్లో మా జిల్లా పేరుతోనే ఒక పద్ధతి తయారుచేశారు, నల్గొండ టెక్నిక్ అని. 1975లో నవ్‌లఖే, బులుసు, వాళ్ల సహచరులు దాని గురించి వివరంగా రాశారు. కె.ఆర్. బులుసు ఇంటిపేరు చూసినప్పుడల్లా మనవాళ్లే కదా అనిపిస్తుంది నాకు. ఆ పద్ధతి గొప్పతనం ఏంటంటే అందులో విదేశాల నుంచి తేవాల్సిందేమీ లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్. అంతే. మూడూ సంతలో దొరికేవే.

నేను క్లాసులో ఎన్నిసార్లు చేసి చూపించానో లెక్కలేదు. 40 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, అడుగుకు కొంచెం పైన నల్లా. నీళ్లు పోసి, ముందు కొంచెం సున్నం, బ్లీచింగ్ వేసి కలిపి, తర్వాత పటిక నీళ్లు పోసి ఒక నిమిషం గబగబా తిప్పాలి, ఆ తర్వాత పది నిమిషాలు మెల్లగా, చాలా మెల్లగా తిప్పాలి. ఈ మెల్లగా తిప్పే దగ్గరే పిల్లలు ఓపిక పోగొట్టుకునేవాళ్లు. ఓపిక పట్టినవాళ్లకు మాత్రం నీళ్లలో దూదిపింజల్లాంటివి పుట్టడం కనిపించేది, అవి ఒకదాన్నొకటి పట్టుకుని పెద్దవై గంటలో అడుగుకు దిగిపోయేవి, ఫ్లోరైడ్‌ను వెంటపెట్టుకుని. ఆ పింజలు అల్యూమినియం హైడ్రాక్సైడ్. ఫ్లోరైడ్ అయాను, హైడ్రాక్సైడ్ అయాను దాదాపు ఒకే సైజు, రెండింటికీ ఒకే రుణావేశం. అందుకే హైడ్రాక్సైడ్ ఉండాల్సిన చోటు దొరికితే ఫ్లోరైడ్ అక్కడ దూరిపోతుంది. మన ఎముకలూ పళ్లూ కూడా కాల్షియం, ఫాస్ఫేటు, హైడ్రాక్సైడ్ కలిసి కట్టినవే. ఏ గుణం వల్ల అది మా అక్క ఎముకల్లో దూరిందో అదే గుణంతో దాన్ని పటిక పింజల్లో పట్టించారు ఆ కెమిస్టులు. ఈ మాట బోర్డు మీద రాసి చెప్పేటప్పుడు ప్రతి ఏడాదీ నాకు గొంతు పట్టేసేది. చదువంటే ఇదీ అనిపించేది.

మా జిల్లా పేరున్న ఆ పద్ధతి తర్వాత టాంజానియా, కెన్యా, ఇథియోపియా దాకా వెళ్లింది, అక్కడా అగ్నిపర్వతాల నేలల్లో ఇదే బాధ ఉంది. మా ఊళ్లో మాత్రం అది ఎక్కువ రోజులు నిలబడలేదు.

ఎందుకు నిలబడలేదో చెప్తాను, ఇది ఎవరినో తిట్టడానికి కాదు. మా ఊళ్లో కట్టిన ప్లాంటు గుండ్రటి సిమెంటు తొట్టి, పైన తిప్పే మోటారు. మొదటి ఏడాది బాగానే నడిచింది. ఈ పద్ధతిలో పటిక ఎంత వేయాలన్నది ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్నదాన్ని బట్టి ఉంటుంది, దానికి పట్టిక ఉంది, ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లకైతే లీటరుకు అర గ్రాము పైనే పడుతుంది. వెయ్యి లీటర్లకు అర కిలో అన్నమాట, రోజూ. ఎండాకాలంలో బోరు కిందికి పోయినప్పుడు నీళ్ల గుణం మారుతుంది, మళ్లీ పరీక్ష చేసి మళ్లీ లెక్క కట్టాలి. ఆ ప్లాంటు నడిపే అబ్బాయి పదో తరగతి తప్పినవాడు, మంచివాడు, నెలజీతం ఆరు నెలలకోసారి వచ్చేది. అతనికి ఎవరూ ఆ పట్టిక ఇవ్వలేదు. దోసిలితో వేసేవాడు. ఒకరోజు తక్కువ పడితే ఫ్లోరైడ్ అలాగే ఉండేది, ఇంకోరోజు ఎక్కువ పడితే నీళ్లు వగరెక్కేవి, ఆడవాళ్లు బిందె అక్కడే పారబోసి పాత బోరింగు దగ్గరికి పోయేవాళ్లు. వర్షాకాలం తర్వాత పటిక బస్తాలు రావడం ఆగిపోయింది. అడుగున దిగిన బురదను, అంటే మనం నీళ్లలోంచి తీసిన ఫ్లోరైడ్ మొత్తాన్ని, తొట్టి పక్కనే పోసేవాళ్లు, వానకు అది మళ్లీ నేలలోకే పోయేది. మోటారు తర్వాత ఎవరో ఎత్తుకెళ్లారు. తొట్టిలో ఇప్పుడు చింతమొక్క ఒకటి మొలిచింది.

ఇంకో సంగతి ఉంది, ఇది మాత్రం టీచర్లూ ల్యాబ్ వాళ్లూ ఒప్పుకోవాల్సింది. అల్యూమినియం, ఫ్లోరైడ్ రెండూ నీళ్లలో గట్టిగా పట్టుకుని జంటగా తిరుగుతాయి. ఎలక్ట్రోడ్‌తో ఫ్లోరైడ్ కొలిచేటప్పుడు ఆ జంటను విడగొట్టే బఫర్ అనే ద్రావణం కలపకపోతే, అది ఒంటరిగా ఉన్న ఫ్లోరైడ్‌ను మాత్రమే చూస్తుంది, అంకె తక్కువ వస్తుంది. నీళ్లు బాగయ్యాయని మనం సంబరపడతాం, కడుపులోకి వెళ్లేది వెళ్తూనే ఉంటుంది. నీళ్లలో మిగిలిపోయే అల్యూమినియం కూడా లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదని మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం, వీలైతే 0.03 లోపే ఉండాలని. పరిశోధకులు ఈ లోపాలు దాచిపెట్టలేదు. 1979లోనే బులుసు, సహచరులు ఫ్లోరైడ్ తీసే పద్ధతుల పరిమితుల మీదే ఒక పేపరు రాశారు. లోపాలు రాసినవాళ్లది తప్పు కాదు, అవి చదివి ఏర్పాటు చేయాల్సినవాళ్లు చదవలేదు.

మా జిల్లా కోపం 1996లో ఎలా బయటికొచ్చిందో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలబడ్డారు, నీళ్ల కోసమే. బ్యాలెట్ పుస్తకమంత అయింది, ఎన్నిక వాయిదా పడింది. ఆ ఏడాదే ఎంపీ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు. హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు తీసుకెళ్లే పైపులు మా జిల్లాలోని అక్కంపల్లి నుంచే మొదలయ్యాయి, మా పక్కనుంచే వెళ్లాయి, మేం వాటిని చూస్తూ బోరు నీళ్లు తాగాం. తర్వాత మిషన్ భగీరథ కింద నది నీళ్లు ఇళ్లకు వచ్చాయి. దీన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఫ్లోరైడ్ తీయడం కంటే ఫ్లోరైడ్ లేని నీళ్లు తేవడం ఎప్పుడూ మేలు, ఏ కెమిస్టును అడిగినా ఇదే చెప్తారు.

మరి ఇంకా బాధేంటి అంటారా. నల్లా నీళ్లు వచ్చిన ఇంట్లో కూడా తాగేది క్యాన్ నీళ్లే. నల్లా నీళ్లకు క్లోరిన్ వాసన వస్తుందని, ఒక రోజు వస్తే ఒక రోజు రావని, పైపు పగిలితే వారం పడుతుందని, కారణాలు చాలా ఉన్నాయి. వంటకు, పొలం దగ్గర తాగడానికి, పశువులకు ఇంకా బోరే. అందుకని ఊరూరా ఆర్వో ప్లాంట్లు వెలిశాయి, వాటిని మా దగ్గర మినరల్ వాటర్ అంటారు. ఆర్వోలో నీళ్లను వడకట్టే పలుచటి పొర, అంటే మెంబ్రేన్, బాగుంటే ఫ్లోరైడ్‌ను నూటికి తొంభై పాళ్లు పైనే ఆపుతుంది, అందులో అనుమానం లేదు. బాగుంటే. మెంబ్రేన్ పాతబడితే, చిరిగితే, లేదా నీళ్లు మరీ చప్పగా ఉన్నాయని కొనేవాళ్లు అంటున్నారని ప్లాంటు వాళ్లు పచ్చి బోరు నీళ్లు కొంచెం మిక్సింగ్ చేస్తే, అప్పుడు సంగతేంటి?

పోయిన ఎండాకాలం ఒక ప్లాంటుకు వెళ్లాను. ఊరి పేరు, మనిషి పేరు అనవసరం. నీళ్లు ఎలా ఉన్నాయని అడిగితే ఆయన జేబులోంచి టీడీఎస్ మీటర్ తీసి గ్లాసులో ముంచాడు, 210 చూపించింది. "చూడుండ్రి సార్, ఫస్ట్ క్లాస్ నీళ్లు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు, నిజంగానే నమ్ముతున్నాడు. కానీ ఆ మీటరు చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందన్నదే, అంటే మొత్తం లవణాల అంచనా. అందులో ఫ్లోరైడ్ ఎంతో దానికి తెలియదు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము నుంచి 4 మిల్లీగ్రాములకు పెరిగినా ఆ మీటరు మీద తేడా కనిపించదు, మూడు మిల్లీగ్రాములు ఎక్కడ, 210 ఎక్కడ. నేను తీసుకెళ్లిన కిట్‌తో ఆ నీళ్లే చూశాను. ఆ రంగు కషాయంలో జిర్కోనియం ఉంటుంది, ఫ్లోరైడ్ దాన్ని లాక్కుంటుంది, రంగు మారిపోతుంది, కార్డు మీద రంగులతో పోల్చుకోవాలి. 2 గీత దగ్గర ఆగింది. మన ప్రమాణం ప్రకారం 1 దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు. ఆయన ముఖం చూస్తే నాకే బాధేసింది. "మరి మాకు ఎవ్వరూ చెప్పలే గద సార్" అన్నాడు. అవును, ఎవరూ చెప్పలేదు.

ఆ 1.5 అన్నది కూడా ఎవరికి? ఇంట్లో ఉండి రోజుకు రెండు లీటర్లు తాగే మనిషికి వేరు, మే నెలలో మిరపతోటలో కోతకు పోయి ఐదారు లీటర్లు తాగే కూలీకి వేరు. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు ఆరు లీటర్లు తాగితే రోజుకు 12 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతుంది. మా అక్క జీవితమంతా కూలి పని చేసింది.

ప్లాంటు వెనక్కి కూడా వెళ్లి చూశాను. ఆర్వో పొమ్మన్న నీళ్లు ఒక పైపులోంచి గుంటలోకి పోతున్నాయి. వంద లీటర్లు తోడితే యాభై దాకా అలా పోతాయి, ఫ్లోరైడ్ ఎక్కడికీ మాయం కాదు కదా, తాగే యాభై లీటర్లలో ఉండాల్సింది కూడా ఆ పారబోసే యాభైలోకే చేరుతుంది, అంటే బోరులో 4 ఉంటే గుంటలో 8 దగ్గరికి వస్తుంది. ఆ గుంటలో రెండు బర్రెలు నీళ్లు తాగుతున్నాయి. వాటికీ ఎముకలున్నాయి. పక్కనే మళ్లీ అదే బోరు.

ఇప్పుడు మళ్లీ ఆ కొత్త పొడి వార్తకు వస్తాను. పరిశోధన వద్దని నేను అనను, అనలేను. ఐఐటీ కాన్పూర్‌లో యాక్టివేటెడ్ అల్యూమినా మీద, అంటే ఫ్లోరైడ్‌ను పట్టే అల్యూమినియం ఆక్సైడ్ గుళికల మీద, పనిచేసి ఇంట్లో పెట్టుకునే ఫిల్టర్ దాకా తెచ్చారు, పట్టే గుణం అయిపోయాక కాస్టిక్ సోడాతో కడిగి, ఆమ్లంతో సరిచేసి మళ్లీ వాడుకోవచ్చు. అమెరికాలో బర్కిలీ యూనివర్సిటీలో కాత్యా చెరుకుమిల్లి అనే పరిశోధకురాలు ఇంకో దారి పట్టింది. అల్యూమినా కొనే బదులు దానికి ముడిసరుకైన బాక్సైట్‌నే వాడితే ఎలా ఉంటుందని చూసింది, మన దేశపు బాక్సైట్‌నే తీసుకుని, దంచి, 300 డిగ్రీల దగ్గర వేడి చేసి, నీళ్ల పీహెచ్ కొంచెం తగ్గించి వాడితే చాలా తక్కువ పొడితోనే పని జరుగుతుందని 2018లో వచ్చిన పేపరులో ఉంది. నాకు అందులో నచ్చింది ఒక్క ఫలితమే కాదు. పొడి ఎంత ఖర్చవుతుంది, నీళ్లలోకి అల్యూమినియం ఎంత దిగుతుంది, వేరే లోహాలేమైనా వస్తాయా, వాడిన పొడి ఎక్కడ పడేయాలి, ఇవన్నీ కూడా పరిశోధనలో భాగమేనని అనుకుని చేసిన పని అది. మా ఊరి తొట్టి పక్కన పోసిన బురదను ఎవరో ఒకరు లెక్కలోకి తీసుకున్నారని అనిపించింది.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్‌లో 2002లో ఒక చిన్న మంచి పని జరిగింది, అది కూడా చెప్తాను. కొందరు అబ్బాయిలకు కొన్ని రోజులు భోజనంలో చింతపండు పెట్టి చూస్తే వాళ్ల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. మన పప్పుచారు మనకు కొంత సాయం చేస్తుందన్నమాట. కానీ దీన్ని పట్టుకుని వాట్సాప్‌లో "చింతపండు తింటే ఫ్లోరోసిస్ నయం" అని తిప్పుతున్నారు, దయచేసి ఎవరూ నమ్మకండి. ఒకసారి బిగిసిన ఎముకను ఏదీ వెనక్కి తీసుకురాదు. పిల్లల పళ్ల మీద ఆ గార పడేది పళ్లు లోపల తయారయ్యే వయసులోనే, ఎనిమిదేళ్ల లోపు. కాబట్టి మూడేళ్ల పిల్ల ఈ రోజు ఏ నీళ్లు తాగుతోందన్నదే అసలు ప్రశ్న.

ఇక నేనడిగేది. ఎవరైనా కొత్త పొడి కనిపెట్టినా, ఆర్వో పెట్టినా, నది నీళ్లు తెచ్చినా, ఆ నీళ్లలో ఈ నెల ఫ్లోరైడ్ ఎంత అన్న అంకె తాగేవాడికి కనిపించాలి. ఊరి ట్యాంకు గోడ మీద, ప్రతి మినరల్ వాటర్ ప్లాంటు ముందు, బడిలో కుళాయి పైన, పెయింటుతో రాయాలి. ఫ్లోరైడ్ ఇంత, పరీక్ష చేసిన తేదీ ఇది, చేసినవాళ్లు వీళ్లు. టీడీఎస్ కాదు, ఫ్లోరైడ్. పక్కనే 1.0 అని ప్రమాణం కూడా రాయాలి, అంకెలు చదవగలిగిన ప్రతివాడూ పోల్చుకుంటాడు. దీనికి కొత్త పథకం అక్కర్లేదు. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు కిట్లతో నీళ్లు పరీక్షించడం నేర్పించాలని ఉంది, చాలాచోట్ల నేర్పించారు కూడా. ఆ ఫలితాలు ఫోన్‌లో ఎక్కించి ఊరుకుంటున్నారు, నీళ్లు తాగే ముసలమ్మకు ఆ ఫోన్‌లో ఏముందో ఎలా తెలుస్తుంది? కిట్ చూపించే అంకె కచ్చితం కాకపోవచ్చు, 1 దాటిందని అనిపిస్తే ఆ శాంపిల్‌ను జిల్లా ల్యాబ్‌కు పంపి బఫర్ కలిపి కొలిపించాలి, ఆ అంకెను గోడ మీద దిద్దాలి.

మీ పత్రికకు కూడా ఒక మాట. బంగారం ధర రోజూ వేస్తారు. సాగర్‌లో నీటిమట్టం వేస్తారు, పత్తి ధర, మిర్చి ధర వేస్తారు, మంచిదే, మాకు అవసరమే. జిల్లా పేజీలో వారానికి ఒక రోజు, ఆదివారమైనా సరే, మండలానికి ఐదు ఊళ్ల చొప్పున ఫ్లోరైడ్ అంకె వేయండి. మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి, నారాయణపురం, అటు ప్రకాశం ఎడిషన్‌లో కనిగిరి, పొదిలి, దర్శి. పెద్ద జాగా పట్టదు, నాలుగు వేళ్ల వెడల్పు చాలు. ఎక్కడ అంకె లేదో అక్కడ ఖాళీ గడి వదిలేయండి, పరీక్ష చేయలేదని రాయండి. ఆ ఖాళీ గడి చూసి సర్పంచిని అడిగేవాళ్లు ప్రతి ఊళ్లో ఇద్దరైనా ఉంటారు.

మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లలకు కిట్ వాడటం నేర్పిస్తానని హెడ్మాస్టరు గారిని అడిగాను, ఒప్పుకున్నారు. పక్క ఊళ్ల వాళ్లు పిలిచినా వస్తాను, బస్సు ఛార్జీ కూడా అడగను. మా ట్యాంకు గోడకు ఉత్తరం వైపు ఎండ తక్కువ పడుతుంది, అక్కడ రాస్తే రంగు తొందరగా వెలిసిపోదు, ఆడవాళ్లు బిందెలతో నిలబడే చోటు కూడా అదే. ఆ జాగా తుడిపించి, సున్నం వేయించి ఉంచాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచరు,
మునుగోడు ప్రాంతం, నల్లగొండ జిల్లా.